చేతుల్లోంచి బంతి జారిన తర్వాత గోల్ కీపర్ ఏం చేయాలి?

తమ్ముడూ, ముందుగా మీ ప్రశ్నను నాలుగు మాటల్లో చెప్పుకుంటాను; ఇదే బాధలో ఉన్న మరికొందరు కీపర్లకు కూడా అది పనికొస్తుంది. మీరు మంచిర్యాలలో ఫుట్‌బాల్ ఆడుతున్న 19 ఏళ్ల గోల్ కీపర్. నెల క్రితం ఒక టోర్నమెంటు సెమీఫైనల్లో నేరుగా మీ చేతుల్లోకి వచ్చిన బంతి జారి గోల్ అయింది, ఆ ఒక్క గోల్‌తోనే మీ జట్టు ఓడింది. అప్పటినుంచి క్రాస్ (మైదానం పక్కనుంచి గోల్ ముందుకు కొట్టే బంతి) వచ్చినప్పుడు గోల్ లైన్ వదిలి ముందుకు రావడానికి కాళ్లు కదలడం లేదనీ, పడుకుంటే అదే బంతి కళ్లముందు కనబడుతోందనీ రాశారు. పెద్ద స్థాయిలో ఆడే కీపర్ల గుండె నిబ్బరం పుట్టుకతో వచ్చేదా, నేర్చుకుంటే వచ్చేదా అన్నది మీ మొదటి ప్రశ్న. వచ్చే వారం మ్యాచ్‌లో ఆడాలా, తప్పుకోవాలా అన్నది రెండోది.

నేర్చుకుంటే వచ్చేదే. మీరు గ్లవ్స్ పక్కన పెట్టవలసిన అవసరం లేదు. అయితే నిబ్బరం అన్న మాటను మీరు అర్థం చేసుకున్న తీరులోనే చిక్కు ఉందని నాకు అనిపిస్తోంది. పెద్ద కీపర్లకు భయం ఉండదనీ, గోల్ పడినా వారు చలించరనీ మీరు రాశారు. నేను 9 ఏళ్లు గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డాను, మొదట విశ్వవిద్యాలయ జట్టుకు, తర్వాత హైదరాబాద్‌లో ఒక సంస్థ జట్టుకు. గత 13 ఏళ్లుగా హనుమకొండలో కీపర్లకు శిక్షణ ఇస్తున్నాను. ఇన్నేళ్లలో చలించని కీపర్‌ను నేను ఒక్కరిని కూడా చూడలేదు. తప్పు జరిగిన క్షణానికీ, తర్వాతి బంతికి మళ్లీ పూర్తిగా సిద్ధమైన క్షణానికీ మధ్య ఎంత సేపు పడుతుంది అన్నదొక్కటే మంచి కీపర్‌కూ మామూలు కీపర్‌కూ ఉన్న తేడా. ఆ సమయాన్ని సాధనతో తగ్గించుకోవచ్చు, డైవ్ చేయడం నేర్చుకున్నట్టే.

పుట్టుకతోనే కీపర్ అవుతారనుకునేవారికి నేను పీటర్ తంగరాజ్ సంగతి చెబుతుంటాను. హైదరాబాద్‌లో పుట్టిన ఆయన మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత గోల్‌పోస్టుల మధ్యకు మారారు. 1956, 1960 ఒలింపిక్స్‌లో మన జట్టులో ఉన్నారు, 1958లో ఆసియా ఉత్తమ గోల్ కీపర్‌గా గుర్తింపు పొందారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. గోల్ కొట్టడానికి ఆటలోకి వచ్చిన మనిషి గోల్ ఆపడంలో ఆ స్థాయికి చేరారంటే, కీపర్ మనసు కూడా తయారు చేసుకునేదేనని నేను నమ్ముతాను.

మీ సమస్య మీలోని బలహీనత కంటే మీరు నిలబడే చోటుకు ఎక్కువగా సంబంధించినది. మిడ్‌ఫీల్డర్ ఒక పాస్ తప్పు ఇచ్చాడనుకోండి, మూడు సెకన్లలో అతడు మళ్లీ పరుగెత్తక తప్పదు; ఆ పరుగే అతడి తప్పును మరిపిస్తుంది. వృత్తి స్థాయి మ్యాచ్‌లో కీపర్ దాదాపు ఐదున్నర కిలోమీటర్లు కదులుతాడు, కానీ అందులో చాలా భాగం నడకే. తప్పు చేసిన తర్వాత ఇరవై నిమిషాలపాటు బంతి అటువైపే ఉండిపోవచ్చు. ఆ ఇరవై నిమిషాలూ ఒంటికి పని ఉండదు, మనసుకు ఆ తప్పు తప్ప వేరే పని ఉండదు. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న ఆ చట్రంలో ఒంటరిగా నిలబడి తన తప్పుతో తానే కాలం గడపవలసిన ఆటగాడు జట్టులో కీపర్ ఒక్కడే. అందుకే మిగతా పదిమందికి చెప్పే ధైర్యవచనాలు కీపర్‌కు సరిపోవు.

ఇది నేను అనుభవించి తెలుసుకున్నాను. విశ్వవిద్యాలయాల మధ్య జరిగిన ఒక మ్యాచ్‌లో, మొరం నేల మీద ఎగిరిన మామూలు బంతి నా మోచేయి కిందినుంచి వెళ్లిపోయింది. స్కోరు 1-1 అయింది. ఆ తర్వాత 25 నిమిషాలు నేను గోల్ లైన్ మీదే మేకులా దిగబడిపోయాను. మా సెంటర్ బ్యాక్ (గోల్ ముందు నడిమధ్య కాసే డిఫెండర్) వెనక్కి తిరిగి రెండుసార్లు నా పేరు పెట్టి పిలిచాడట, నాకు వినబడలేదు. 80వ నిమిషం దాటాక వచ్చిన ఒక క్రాస్ గోల్ ముందున్న చిన్న గడిలో, అంటే సిక్స్ యార్డ్ బాక్స్‌లో పడింది. రెండడుగులు ముందుకు వేస్తే అది నా బంతే, కానీ నేను కదలలేదు. వాళ్ల స్ట్రైకర్ తలతో కొట్టాడు, మేము 2-1తో ఓడిపోయాం. ఊరికి వచ్చే రైలులో అందరూ మొదటి గోల్ గురించే ఓదార్చారు. నా లెక్కలో మాత్రం నా అసలు తప్పు రెండో గోల్. మొదటిది చేయి చేసిన పొరపాటు, అది ఎవరికైనా జరుగుతుంది. రెండోది మనసు ఇంకా మొదటి గోల్ దగ్గరే ఉండిపోవడం వల్ల జరిగినది. గతజల సేతుబంధనమని పెద్దలు అన్నది సరిగ్గా దీన్నే: పోయిన నీటికి కట్ట వేస్తూ కూర్చుంటే, వస్తున్న నీరు కూడా పోతుంది.

ఇదే విషయాన్ని అత్యున్నత స్థాయిలో చూడాలంటే 2022 ప్రపంచ కప్ ఫైనల్ చూడండి. అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ రెండు నిమిషాల వ్యవధిలోనే రెండు గోల్స్ ఇచ్చాడు. చేతిలో ఉన్న కప్ జారిపోతున్నట్టయింది. అదనపు సమయంలో మూడో గోల్ కూడా పడింది. అలాంటి రోజున, ఇక ఆట ముగుస్తుందనగా ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ ఒంటరిగా ఎదురుగా వచ్చి కొట్టిన బంతిని ఎడమ కాలు చాచి ఆపాడు, ఆ తర్వాత షూటౌట్‌లో (స్కోరు సమానమైతే పెనాల్టీలతో గెలుపు తేల్చేది) ఫ్రాన్స్ ఆటగాడు కోమాన్ పెనాల్టీనీ ఆపాడు. మూడు గోల్స్ పడిన కీపర్ నాలుగో బంతికి అంత విశాలంగా కాళ్లూ చేతులూ చాచి ఎదురు వెళ్లాడంటే, ఆ మూడింటినీ అప్పటికి వదిలేశాడన్న మాట.

వదిలేయడానికి ఒక క్రమం ఉండాలి, అది ఒంటితో చేసేదై ఉండాలి. "మరిచిపో" అని మనసుకు చెబితే మనసు వినదు. చెప్పిన కొద్దీ అదే గుర్తుకు తెస్తుంది. ఒంటికి ఒక పని చెబితే మనసు దాని వెంట వస్తుంది. నా దగ్గర నేర్చుకునేవారికి నేను నేర్పే క్రమం ఇది: గోల్ పడగానే బంతిని నెట్‌లోంచి మీరే తీయండి, వేరొకరిని తీయనివ్వకండి. దాన్ని సెంటర్ వైపు పంపి, ఒక గోల్‌పోస్టును అరచేత్తో తాకండి. గ్లవ్స్ పట్టీని ఊడదీసి మళ్లీ బిగించండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరేడు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఊపిరి వదలడం పొడవుగా ఉన్నప్పుడే గుండె వేగం తగ్గుతుంది. అప్పుడు మీ డిఫెండర్లలో ఒకరి పేరు పెట్టి పిలిచి, ఆటకు సంబంధించిన ఏదైనా ఒక మాట గట్టిగా చెప్పండి. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే సిగ్గుపడుతున్న మనిషి మొదట కోల్పోయేది గొంతునే. నేను ఆ రోజు 25 నిమిషాలు నోరు విప్పలేదు.

ఈ క్రమాన్ని మ్యాచ్‌లో మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు. ప్రాక్టీస్‌లో పడిన ప్రతి గోల్‌కూ చేయాలి, తోటివారు విచిత్రంగా చూసినా సరే. ఆరేడు వారాల తర్వాత పట్టీ బిగించిన చప్పుడు వినగానే భుజాలు వాటంతట అవే వదులవుతాయి. గోల్ తర్వాత కిక్ ఆఫ్ వరకు దీనికి కావలసినంత సమయం దొరుకుతుంది. బంతి చేతిలో ఉన్నప్పుడు మాత్రం దొరకదు. 2025-26 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం కీపర్ 8 సెకన్లకు మించి బంతిని పట్టుకుంటే అవతలి జట్టుకు కార్నర్ ఇస్తారు. కాబట్టి చేతిలో బంతితో తేరుకుందామని అనుకోకండి.

గోదావరిఖని నుంచి సింగరేణి కార్మికుడి కుమారుడొకరు నా దగ్గరికి వచ్చేవాడు. చేతులు అద్భుతం, కాళ్లలో చురుకు ఉంది. కానీ గోల్ పడిన ప్రతిసారీ అతడి చూపు గట్టు మీద కూర్చున్న తండ్రి వైపు వెళ్లేది. ఎందుకని అడిగితే, "బాపు ఏమంటడోనని చూస్తున్న సార్" అన్నాడు. ఆ తండ్రి ఏమీ అనేవాడు కాదు, పాపం. తల దించుకునేవాడు, అంతే. అదే ఆ పిల్లవాడిని తర్వాతి పది నిమిషాలు తినేసేది. నేను తండ్రితో మాట్లాడి, మ్యాచ్ రోజుల్లో అవతలి గోల్ వెనుక కూర్చోమన్నాను. కొడుకు చూపుకు మాత్రం ఒక చోటు చూపించాను: గోల్ పడితే పోస్టును తాకాలి, ఆపై సెంటర్ సర్కిల్ మధ్య చుక్కను చూడాలి. అతడికి రెండు నెలలు పట్టింది. మీ చూపు ఎటు వెళ్తోందో ఒకసారి గమనించుకోండి. ఎక్కడో ఒకచోట తీర్పు వెతుక్కుంటూ ఉంటుంది.

ఇక ఏకాగ్రత. తొంభై నిమిషాలూ కళ్లు ఆర్పకుండా బంతిని చూడాలని చాలామంది కోచ్‌లు చెబుతారు. అది ఎవరికీ సాధ్యం కాదు, మంచిది కూడా కాదని నా అభిప్రాయం. మా నాన్నగారు ములుగు దగ్గర మక్క చేనుకు రాత్రి కావలి ఉండేవారు. అడవి పందులు ఏ జాములో వస్తాయో తెలియదు. మంచె మీద కూర్చున్న మనిషి తెల్లవార్లూ చీకట్లోకి గుచ్చి చూస్తూ ఉంటే రెండో జాముకే కళ్లు మూతపడతాయి. ఆయన కాసేపు దూరంగా చూపు సారించేవారు, కాసేపు చెవులకు పని చెప్పేవారు, కాసేపు డబ్బా మోగించేవారు, ఆకులో చిన్న అలికిడి కాగానే మాత్రం ఒళ్లంతా ఒక్కసారిగా అటు తిరిగేది. కీపర్ ఏకాగ్రత కూడా అలాగే పెరుగుతూ తరుగుతూ ఉండాలి. బంతి అవతలి బాక్స్‌లో ఉన్నప్పుడు మీ డిఫెండర్లు ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి, గాలి ఎటు ఉందో, సూర్యుడు ఎక్కడ ఉన్నాడో చూసుకోండి, నీళ్లు తాగండి. బంతి సెంటర్ లైన్ దాటి ఇటు వస్తే మాట మొదలుపెట్టండి. చివరి ముప్పై మీటర్లలోకి వస్తే బంతి తప్ప వేరే లోకం ఉండకూడదు.

తక్కువ పని ఉన్న మ్యాచ్‌లే కీపర్‌కు కష్టం. 2019 సెప్టెంబరులో దోహాలో అప్పటి ఆసియా విజేత ఖతార్‌తో మన జట్టు 0-0తో డ్రా చేసుకున్నప్పుడు, సునీల్ ఛెత్రీ లేని ఆ మ్యాచ్‌లో కెప్టెన్‌గా ఉన్న గుర్‌ప్రీత్ సింగ్ సంధు మీదికి షాట్లు వస్తూనే ఉన్నాయి. ఆ రోజు అతడు చేసిన పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, మన కీపింగ్ చరిత్రలో అదొక గొప్ప రాత్రి. అయితే వరుసగా బంతులు వస్తున్నప్పుడు మనసుకు తిరుగుళ్లు తిరిగే తీరిక ఉండదు. 40 నిమిషాలు ఖాళీగా నిలబడి, ఒకే ఒక్క బంతి వచ్చినప్పుడు దాన్ని ఆపడానికి వేరే సాధన కావాలి. అందుకే నేను ప్రాక్టీస్‌లో కీపర్‌ను పావుగంట ఏ బంతీ లేకుండా నిలబెట్టి, ముందు చెప్పకుండా ఒక్క గట్టి షాట్ కొట్టిస్తాను. అది ఆపినా ఆపకపోయినా మళ్లీ పావుగంట ఖాళీ. పిల్లలకు ఇది విసుగు పుట్టిస్తుంది, కానీ మ్యాచ్‌లో వారికి ఎదురయ్యేది సరిగ్గా ఇదే.

మీరు రాసిన క్రాస్ భయం దగ్గరికి వస్తాను. కీపర్ భయంలో సగం మనసుది కాదు, పాదాలది. ఎక్కడ నిలబడాలో తెలియనివాడికి ముందుకు రావడం ప్రమాదంగా అనిపిస్తుంది, అది న్యాయమే కూడా. బంతి వింగ్‌లో, అంటే మైదానం పక్క అంచున ఉన్నప్పుడు మీరు గోల్ లైన్‌కు ఆనుకుని దగ్గరి పోస్టు వైపు నిలబడుతుంటే, రెండో పోస్టుకు వచ్చే బంతి మీకు ఎప్పటికీ అందదు. లైన్‌కు రెండు మూడు అడుగులు ముందుగా, గోల్ మధ్యకు కాస్త వెనుకపక్కన, మైదానం కనబడేలా ఒళ్లు కొంచెం తెరిచి నిలబడితే అదే బంతి మూడడుగుల దూరంలో ఉంటుంది. స్థానం సరిచేసుకున్న తర్వాత కూడా భయం మిగిలితే అప్పుడు అది మనసుది.

గ్లవ్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన వైపు మైదానాలు చాలావరకు మొరం, ఎర్రమట్టి. నాలుగు డైవ్‌లకే అరచేతి లేటెక్స్ మీద సన్నటి దుమ్ము పొరలా పేరుకుంటుంది. ఆ పొర మీద బంతి నిలవదు. మ్యాచ్‌కు ముందు గ్లవ్స్ తడిపి, సగం ఆటకు మళ్లీ తడిపి, ఇంటికి వచ్చాక గోరువెచ్చని నీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. పొడి దుమ్ముతో బంతి జారిపోయినందుకు తమ గుండె గట్టిది కాదని బాధపడిన పిల్లలను నేను చూశాను. మీ సెమీఫైనల్ బంతి ఎందుకు జారిందో ముందు ఈ వైపునుంచి ఆలోచించండి. మేలో ఆడిన మ్యాచ్ అయితే దాహాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఆ ఎండలో రెండో సగంలో చూపు, తీర్పు రెండూ మందగిస్తాయి.

నిజంగా దెబ్బ భయం అయితే దానికి దారి మెట్లు మెట్లుగా ఎక్కడమే. మహబూబాబాద్ వైపు ఒక తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు, ముఖానికి బంతి తగిలిన తర్వాత స్ట్రైకర్ ఒంటరిగా ఎదురొస్తే కళ్లు మూసుకునేది. ధైర్యంగా ఉండమని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. మొదటి వారం మెత్తటి రబ్బరు బంతిని చేత్తో విసిరాను, కళ్లు తెరిచి చూస్తే చాలు, పట్టుకోకపోయినా ఫరవాలేదన్నాను. తర్వాత అసలు బంతి, కానీ మోకాళ్ల మీద కూర్చుని, దగ్గరినుంచి, నెమ్మదిగా. తర్వాత పాదం లోపలి వైపుతో తోసిన బంతి. నాలుగో వారానికి ఆమె స్ట్రైకర్ కాళ్ల దగ్గరికి దూకుతోంది. భయం ఒక్కసారిగా పోదు. మీరు తట్టుకోగలిగినంత మోతాదులో దాన్ని మళ్లీ మళ్లీ కలుస్తూ ఉంటే దాని పరిమాణం తగ్గుతుంది. చెల్సీ కీపర్ పీటర్ చెక్ 2006 అక్టోబరులో పుర్రె ఎముక విరిగి, మూడు నెలల తర్వాత తలకు మెత్తటి రక్షణ టోపీతో తిరిగి వచ్చాడు, ఆట మానేసేవరకూ దాన్ని తీయలేదు. రక్షణ తీసుకోవడం పిరికితనం అనేవారికి ఆ టోపీని చూపించండి.

మీరు పెనాల్టీల గురించి అడగలేదు, అయినా అక్కడ కీపర్ మనసు స్పష్టంగా బయటపడుతుంది కాబట్టి చెబుతున్నాను. 11 మీటర్ల దూరం నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి గోల్ చేరడానికి సెకనులో నాలుగు పదో వంతులు చాలు. ఇజ్రాయెల్ పరిశోధకులు 286 పెనాల్టీలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కీపర్లు 94 శాతం సందర్భాల్లో ఏదో ఒక పక్కకు దూకారని తేలింది. బంతులు మాత్రం దాదాపు 29 శాతం నడిమధ్యకే వచ్చాయి. మధ్యలో నిలబడితే ఆపే అవకాశం ఎక్కువని తెలిసినా కీపర్లు ఎందుకు దూకుతారు? కదలకుండా నిలబడి ఉండగా పక్కనుంచి గోల్ వెళ్లిపోతే చూసేవారికి ప్రయత్నమే చేయనట్టు కనబడుతుంది కాబట్టి. అంటే నిర్ణయం తీసుకుంటున్నది బంతిని చూసి కాదు, గట్టు మీది జనాన్ని చూసి. ప్రతిసారీ మధ్యలో నిలబడమని నేను చెప్పడం లేదు. చూసేవారికి తెలివితక్కువగా కనబడినా సరే, తనకు సరైనదనిపించిన పనే చేయగలగడం కీపర్ నిబ్బరంలో పెద్ద భాగమని చెబుతున్నాను.

దానికి తోడ్పడేది ముందస్తు సిద్ధత. 2006 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌లో జర్మనీ కీపర్ యెన్స్ లేమాన్ తన మేజోడులో దాచుకున్న చీటీ తీసి, ఎవరు ఎటు కొడతారో చూసుకుంటూ నిలబడ్డాడు. చివరిగా వచ్చిన అర్జెంటీనా ఆటగాడు కాంబియాస్సో పేరు ఆ చీటీలో లేదు. అయినా లేమాన్ చీటీని తాపీగా చూసి, ఆపై ఆ పెనాల్టీని ఆపాడు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్ తెచ్చిన తీరు చూడండి.

రాత్రిపూట వచ్చే ఆ బంతి గురించి. దాన్ని తరిమేయాలని ప్రయత్నించకండి, దానికి ఒక చోటు ఇవ్వండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, మ్యాచ్ అయిన రోజు సాయంత్రం, పడక మీదికి వెళ్లకముందే, పడిన ప్రతి గోల్ గురించి మూడు వాక్యాలు రాయండి: నేను ఎక్కడ నిలబడ్డాను, ఏం నిర్ణయించుకున్నాను, చేతులు కాళ్లు ఏం చేశాయి. "నేను పనికిరాను" లాంటి మాటలకు అందులో చోటు లేదు. నిర్ణయం సరైనదై ఫలితం చెడ్డదైతే ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి, దాన్ని అక్కడితో ముగించండి. నిర్ణయం తప్పైతే దాని కింద, మర్నాడు ప్రాక్టీస్‌లో చేయవలసిన ఒక్క పని రాయండి. రాసిన తర్వాత మనసులో ఆ బంతిని మళ్లీ ఆడండి, కానీ ఈసారి సరిగ్గా పట్టుకున్నట్టు, బంతి బరువు ఛాతీకి తగిలినట్టు. నా దగ్గర పదేళ్ల నాటి నోట్‌బుక్‌లు ఇంకా ఉన్నాయి.

ఒక చెడ్డ టోర్నమెంటు కీపర్ జీవితాన్ని నిర్ణయించదని చెప్పడానికి లేవ్ యాషిన్ కంటే మంచి సాక్షి నాకు తెలియదు. 1962 ప్రపంచ కప్‌లో కొలంబియా మీద సోవియట్ జట్టు 4-4తో డ్రా చేసుకున్నప్పుడు, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతి కూడా గోల్ అయింది. క్వార్టర్ ఫైనల్లో చిలీ చేతిలో ఓడిపోయారు. నింద అంతా ఆయన మీద పడింది, స్వదేశంలో ప్రేక్షకులు ఎగతాళి చేశారు. మరుసటి ఏడాదే, 1963లో, ఐరోపాలో ఆ ఏటి ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ ఆయనకు వచ్చింది. ఈనాటివరకు ఆ పురస్కారం పొందిన గోల్ కీపర్ ఆయన ఒక్కరే.

ఒక హెచ్చరిక, దీన్ని తేలికగా తీసుకోకండి. ఆటలో కలిగే బాధ వేరు, అనారోగ్యం వేరు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఆట ఒక్కటే కాక ఏ పనీ ఇష్టం లేకపోవడం ఉంటే, నోట్‌బుక్, ఊపిరి సాధన సరిపోవు, డాక్టర్‌ను కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇటలీ కీపర్ బుఫన్ 2003-04 ప్రాంతంలో డిప్రెషన్‌తో బాధపడి, సాయం తీసుకుని కోలుకున్నానని తర్వాత తానే చెప్పాడు. 2006 ప్రపంచ కప్ గెలిచినప్పుడు అతడు ఏడు మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ రెండే, ఒకటి సొంత జట్టువాడు కొట్టినది, ఇంకొకటి పెనాల్టీ. జర్మనీ కీపర్ రాబర్ట్ ఎంకే మాత్రం తన జబ్బును లోకానికి తెలియనివ్వలేదు. 2009 నవంబరులో, 32 ఏళ్లకే ప్రాణం తీసుకున్నాడు. ఆయన పేరున ఏర్పాటైన సంస్థ ఇవాళ ఆటగాళ్ల డిప్రెషన్ గురించి పనిచేస్తోంది. నిబ్బరం అంటే నోరు మెదపకుండా భరించడమని మీకు ఎవరైనా చెబితే, దయచేసి నమ్మకండి. అలాగే తలకు దెబ్బ తగిలితే ఆట ఆపి బయటికి రావాలి. 2018 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో రెండు ఘోరమైన తప్పులు చేశాడని లోకమంతా తిట్టిన లివర్‌పూల్ కీపర్ కారియస్‌కు, ఆ మ్యాచ్‌లోనే కంకషన్ (తల దెబ్బకు మెదడు అదరడం) అయి ఉంటుందని తర్వాత పరీక్షించిన వైద్యులు చెప్పారు.

చుట్టూ ఉన్నవారి పాత్ర కూడా చిన్నది కాదు. 1950 ప్రపంచ కప్ చివరి మ్యాచ్‌లో ఉరుగ్వే చేతిలో బ్రెజిల్ ఓడినప్పుడు కీపర్ బార్బోసాను దేశం దోషిగా నిలబెట్టింది. 2000లో చనిపోయేవరకు, అంటే యాభై ఏళ్లు, ఆయన ఆ ఒక్క గోల్‌ను మోశాడు. మన మైదానాల గట్ల మీద నిలబడి పద్నాలుగేళ్ల పిల్లవాడిని పేరు పెట్టి తిట్టే పెద్దలను చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకొస్తాడు. మీ ఇంట్లోవారితో ఒక మాట చెప్పండి: మ్యాచ్ అయిన రోజు రాత్రి భోజనం దగ్గర గోల్ ప్రస్తావన తేవద్దని, మర్నాడు కావాలంటే మాట్లాడుకుందామని. చాలామంది తల్లిదండ్రులు అడిగితే ఒప్పుకుంటారు, ఎవరూ అడగకపోవడమే ఇబ్బంది.

చివరగా మీ రెండో ప్రశ్న. పైన చెప్పిన అనారోగ్య లక్షణాలు లేకపోతే, వచ్చే మ్యాచ్ ఆడండి. తప్పుకుంటే ఆ రోజుకు హాయిగా ఉంటుంది, కానీ ఆ మర్నాటినుంచి క్రాస్ ఇంకొంచెం పెద్దదిగా కనబడుతుంది. అయితే ఊరికే వెళ్లి నిలబడకండి. ఈ వారంలోనే మీ కోచ్‌ను ఏకాంతంగా కలిసి, క్రాస్‌లకు రావడంలో తడబడుతున్నానని ఉన్నదున్నట్టు చెప్పండి. కోచ్‌కు ఆ సంగతి ఇప్పటికే తెలిసి ఉంటుంది, మీరు చెప్పడం వల్ల సాయం అడిగే దారి ఏర్పడుతుంది. మ్యాచ్‌కు ముందు వార్మప్‌లో రెండు వైపులనుంచీ పదేసి క్రాస్‌లు వేయించుకోండి, మొదటి నాలుగూ అడ్డెవరూ లేకుండా, తర్వాతివి ఇద్దరు ఆటగాళ్ల మధ్యలో. మీ సెంటర్ బ్యాక్‌తో ఒక ఒప్పందం చేసుకోండి: నేను "కీపర్" అని అరిస్తే నువ్వు పక్కకు జరిగి నా వెనుక గోల్ లైన్ కాయాలి, అరవకపోతే బంతి నీది. మ్యాచ్‌లో మొదటి క్రాస్‌కు పట్టుకోవాలని చూడకండి, రెండు పిడికిళ్లతో గట్టిగా, ఎత్తుగా, పక్కకు కొట్టేయండి. ఆ మొదటి బంతికి గొంతు విప్పి, ముందుకు రెండడుగులు వేసి వచ్చారా లేదా అన్నదే ఆ రోజు రాత్రి నోట్‌బుక్‌లో మొదట రాయండి. స్కోరు దాని కింద రాసుకోవచ్చు.